లైట్లు ఎట్లున్నయి?

సాయంత్రం ఐదు దాటగానే పక్క వాటాలో ట్యాబ్ మోగుతుంది. ఆ వాటాకు తాళం వేసి ఉంది. తాళంచెవి మా ఫ్రిజ్ మీద ఉంది. ఇంటి ఓనరు హైదరాబాద్‌లో ఉంటాడు, సామాను తీసేదాకా మీ దగ్గరే ఉంచండి అని నాకే ఇచ్చిపోయాడు. లోపల మనిషి లేదు. ఉన్న మనిషిని పోయిన నెల దోమ మండలం అవతల ఆమె పుట్టిన ఊళ్ళో మట్టిలో పెట్టి వచ్చాం. ట్యాబ్ మాత్రం చార్జరుకు తగిలించి ఉండిపోయింది. ఆమె ఉన్నప్పుడూ అది అట్లాగే ఉండేది. నెట్టు మా హాల్లో ఉన్న రూటర్ నుంచి గోడ దాటి పోతుంది కాబట్టి అదీ ఆగలేదు. మోగుతుంది, ఆగుతుంది, కాస్సేపటికి మళ్ళీ మోగుతుంది.

చేస్తున్నది ఎవరో నాకు తెలుసు. తాండూరులో ఉండే ఆమె చెల్లెలు. చెల్లెలికి పుట్టుకతో చెవులు వినపడవు, మాట రాదు. అక్క లేదని తెలియక చేస్తున్నది కాదు. గుంట పక్కన నిలబడి పిడికెడు మట్టి వేసింది. తర్వాత కొన్నాళ్ళు ఊళ్ళోనే చుట్టాల దగ్గర ఉండి, ఈ వారమే తాండూరు చేరినట్టుంది. చేరిన రోజు నుంచి ఈ మోత మొదలైంది.

ఆ వేళకు నేను పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతుంటాను. మోత మొదలుకాగానే ఎక్కడ ఆపానో మరిచిపోతాను. "మేడమ్, మీ వాయిస్ రావట్లేదు" అంటారు పిల్లలు. వాయిస్ బాగానే పోతోంది, నేనే మాట్లాడటం లేదు. లేచి వంటింట్లోకి పోతాను. ఫ్రిజ్ మీది తాళంచెవి చూసి వెనక్కి వస్తాను. కూర్చోబుద్ధి కాదు. ఈ కాలు నిలవని జబ్బు నాకు ఎవరి నుంచి అంటుకుందో చెప్పాలంటే ఆమె గురించి చెప్పాలి.

కాలనీలో అందరికీ ఆమె నర్సమ్మ. పెద్దేముల్ చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి, పిల్లలకు సూదులు వేసి, రిటైరై వికారాబాద్‌లో మా పక్క వాటాలో దిగింది. నాకు మాత్రం అక్క. మనుషులు కలిస్తే తిన్నవా అని అడుగుతారు, బాగున్నవా అని అడుగుతారు. ఆమె తలుపు తోసుకుని వస్తూనే అడిగేది ఒకటే.

"ఏం పిల్లా, లైట్లు ఎట్లున్నయి?"

రూటర్ మీది లైట్లు. రెండు వాటాలకూ ఒకటే కనెక్షన్. పెట్టె మా హాల్లో ఉంది కాబట్టి దాని బాగోగులు నేను చూసుకోవాలని ఆమె తీర్మానం. నేను ఎట్లా చూసుకుంటున్నానో తనిఖీ చేయడం ఆమె పని. మా పనిమనిషి కూడా అన్నిసార్లు మా ఇంటికి వచ్చేది కాదు.

వచ్చాక కూర్చునేది కాదు. చాయ్ ఇస్తే నిలబడే రెండు గుక్కల్లో తాగి గ్లాసు టీవీ మీద పెట్టేది. చెప్పులు విప్పేది కాదు. చర్చిలో తప్ప ఆమె చెప్పుల్లేని పాదాలు నేను చూడలేదు. "విప్పితె మల్ల తొడుక్కోవాలె గద" అనేది. జబ్బకు ఎప్పుడూ ఒక రెగ్జిన్ సంచి. అందులో ఒకప్పుడు సూదులూ మందులూ ఉండేవేమో, నేను ఎరిగే నాటికి రెండు ప్లగ్గులు, ఒక చుట్ట వైరు, టేపు, చిన్న స్క్రూడ్రైవరు, బైబిలు ఉండేవి.

రూటర్ దగ్గరకు పోయి ముందు దాని మీద అరచెయ్యి పెట్టేది. పిల్లల నుదురు చూసినట్టే చూసేది. వేడిగా ఉంటే "జరమొచ్చింది దీనికి" అని పేపరు తీసి విసిరేది. ఒకరోజు నేను వంటింట్లోంచి వచ్చేసరికి జేబురుమాలు తడిపి పిండుతోంది. ఎందుకక్కా అంటే, "పైన ఎయ్యనీకె. జర సల్లవడుతది" అంది. రుమాలు లాక్కున్నాను. నీళ్ళు తగిలితే అది చస్తుంది, నా పాఠాలూ చస్తాయని అరిచాను. ఆమె నొచ్చుకోలేదు. "సరే, నీ పిల్లగాడు, నీ ఇష్టం" అని చేతులు చీరకు తుడుచుకుని వెళ్ళిపోయింది. పది నిమిషాల్లో మళ్ళీ వచ్చింది, లైట్లు చూడటానికి.

ఆమెకు ఒక సూత్రం ఉండేది. "ఒక్కసారి ఒక్కటే మార్చాలె. రెండు మందులు ఒక్కపారే ఇస్తె ఏది పనిచేసిందో ఎట్ల తెలుస్తది?" వినడానికి ఎంత బాగుందో! కానీ అది పాటించే ఓపిక ఆమెకే లేదు. వైరు మార్చి, లైటు ఆకుపచ్చ అయ్యేలోపే పెట్టెను గూట్లోంచి కిటికీలోకి మార్చి, కిటికీలో పెట్టిన చేత్తోనే ప్లగ్గు పీకి ఇంకో బోర్డుకు పెట్టేది. నెట్టు వచ్చేది. ఎందుకు వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి. "సూశినవా?" అనేది గర్వంగా.

ఇంత అవస్థా తన కోసం కాదు. ఆమె సినిమాలు చూసేది కాదు, పాటలు వినేది కాదు. ఆమెకు నెట్టుతో ఉన్న పని చెల్లెలితో మాట్లాడటం ఒక్కటే. మామూలు ఫోను ఆ చెల్లెలికి ఎందుకూ కొరగాదు. కూలికి పోయే ఇంట్లో చెవులు వినపడని ఆడపిల్లను బడికి ఎవరు పంపుతారు? కాబట్టి రాయడం, చదవడం లేదు, మెసేజులూ లేవు. ఇక మిగిలింది బొమ్మ. వీడియోలో చేతులు కనిపిస్తేనే ఆమెకు మాట అందుతుంది.

ఆ చేతుల భాష వాళ్ళిద్దరూ చిన్నప్పుడు కంది చేలల్లో తయారు చేసుకున్నది. ఏ బడిలోనూ నేర్పేది కాదు. అమ్మ అంటే కొంగు తల మీదికి లాక్కోవడం. దొర అంటే మీసం కాదు, చేతులు వెనక్కి కట్టుకుని నడవడం. రేపు అంటే చెంప కింద చెయ్యి పెట్టి కళ్ళు మూసి తెరవడం. అక్క ఉద్యోగంలో చేరాక అక్క పేరు మారింది, జబ్బ మీద సూది గుచ్చినట్టు వేలు పొడుచుకుంటే అక్క. ఆ భాష వాళ్ళ అమ్మకు కొంత వచ్చేది, చెల్లెలి భర్తకు కొంత వచ్చేది. ఇద్దరూ పోయారు. పూర్తిగా వచ్చిన మనిషి భూమ్మీద అక్క ఒక్కతే. నెట్టు పోయిందంటే తాండూరులో ఆ మనిషికి మాట పోయినట్టే.

ఒకసారి మా వీధిలో ఎవరో "ఆ మూగామె ఎట్లున్నది నర్సమ్మా?" అని మంచిగానే అడిగారు. అక్క నడిరోడ్డు మీద ఆగిపోయింది. "మూగ ఎవరు? మా చెల్లె లెక్క మాట్లాడెటోళ్ళు మీ ఇంట్ల ఒక్కలున్నరా? నువ్వు పొద్దుందాక మాట్లాడేది అది మూడు వేళ్ళతోని చెప్తది" అని కడిగేసింది. మాట్లాడుతున్నంతసేపూ చేతులు కూడా తిరుగుతూనే ఉన్నాయి. చెవులున్నవాళ్ళతో మాట్లాడేటప్పుడు కూడా ఆమె చేతులు ఊరికే ఉండేవి కావు. కూరగాయల బండివాడికి టమాటాలు ఎన్ని కావాలో నోటితో చెబుతూ, చేతితో ఇంకేదో చెప్పేది. వాడు రెండూ చూసి గాబరా పడేవాడు.

ఇక తాండూరు ఇల్లు. నేను ఒకటి రెండు ఆదివారాలు వెళ్ళాను. బండ పాలిష్ చేసే యూనిట్ వెనక రెండు గదులు. నేల బండ, గోడకు అలమర బండ, వంటగట్టు బండ, పెరట్లో నీళ్ళ తొట్టి కూడా బండే. వంటింట్లోనే కిటికీ పక్కన కూర్చుని ఆ చెల్లెలు చీరలకు ఫాల్స్ కుడుతుంది. సన్నటి మనిషి, అక్కలో సగం ఉంటుంది. పనిలో ఉన్నా నిమిషానికోసారి తల ఎత్తి, గట్టు మీద నిలబెట్టిన ట్యాబ్ వైపు చూస్తుంది. అక్క బొమ్మ ఉంటే మళ్ళీ సూది మీదికి వంగుతుంది.

ఆ బొమ్మే నిలిచేది కాదు. మాట మధ్యలో ఠక్కున ఆగేది. చెల్లెలి చెయ్యి గాలిలో లేచి అక్కడే బిగుసుకుపోయేది. కాస్సేపు సున్నా తిరిగి కాల్ తెగిపోయేది. అక్క గోడ అవతల నుంచి "పిల్లా! లైట్లు ఎట్లున్నయి?" అని కేకవేసేది. మా వైపు అన్నీ ఆకుపచ్చే. తప్పు తాండూరులో ఉంది.

ముందు గోడలది తప్పన్నది. రూటర్ ముందు గదిలో ఉంది, మధ్యలో రాతి గోడ, వైఫై వంటింటిదాకా రావడం లేదన్నది. అది నిజం కూడా. కొంత నిజం. రూటర్‌ను వంటింటి వైపు మార్పించింది. తర్వాత వైరుది తప్పన్నది. వైరు కొత్తది వేయించింది. తర్వాత పెట్టె పాతదన్నది, కొత్త పెట్టె తెచ్చింది. తర్వాత ట్యాబ్ పక్క యూనిట్ వాళ్ళ వైఫైలోకి దూరుతోందని అనుమానపడి, అందులోంచి వాళ్ళ పేరు తీసేయించింది. ప్రతిసారీ ఆదివారం ఉదయం చర్చి అయ్యాక, సంచి జబ్బకు వేసుకుని బస్సు ఎక్కేది. పోయేముందు నన్ను తన వాటాలో ట్యాబ్ ముందు కూర్చోబెట్టేది.

"నేను అక్కడికెల్లి చేస్త. నువ్వు ఈడ చూడు. బొమ్మ ఆగిందా లేదా చెప్పు."

"సరే, ఫోన్ చేసి చెబుతా."

"ఫోను వద్దు. చేతులతోని చెప్పు. బొమ్మ నడుస్తున్నదా లేదా నాక్కూడ తెలుస్తది."

"నాకు మీ సైగలు రావక్కా."

"ఏం పెద్ద విద్య? ఆకుపచ్చకు ఆకు తెంపు. ఎర్రకు బొట్టు ముట్టు. ఆగు అంటే కోడిపిల్లల మీద గంప బోర్లించినట్టు చెయ్యి కిందికి. బొమ్మ బిగుసుకుంటే పిడికిలి దవడకు పెట్టు. అయిపాయె."

అలా ఆదివారాలు పోయేవి. ఇంట్లో వంట అట్లాగే ఉండేది, మా ఆయన గుమ్మంలోంచి తొంగిచూసి నవ్వుకుని పోయేవాడు. నేను వికారాబాద్‌లో ఆకులు తెంపుతూ, బొట్టు ముట్టుకుంటూ కూర్చునేదాన్ని. తాండూరులో ఒకసారి అక్క ముఖం, ఒకసారి చెల్లెలి ముఖం, ఒకసారి కప్పు కనిపించేవి. నాకు విసుగెక్కువ. కొంచెం ఆలస్యమైతే చాలు, నా వైపు ప్లగ్గు పీకి పెట్టేదాన్ని. ఐదు నిమిషాలు అందరికీ అన్నీ పోయేవి.

ఒక ఆదివారం అక్క తిరిగొచ్చి, నవ్వు ఆపుకోలేక గుమ్మం పట్టుకుని నిలబడింది.

"మా చెల్లె నీకు పేరు పెట్టింది తెల్సా?"

"ఏం పేరు?"

బొటనవేలు, చూపుడువేలు కలిపి గోడలోంచి ఏదో పీకినట్టు లాగి, మళ్ళీ గుచ్చింది. ప్లగ్గు పీకేదాన్ని. ఇక ఆ ఇంట్లో నేను అదే. నాకు కోపం వచ్చింది, లోపల కొంచెం సంతోషం కూడా వేసింది. ఒకరి భాషలో పేరు రావడం అంటే వాళ్ళు మన గురించి మాట్లాడుకుంటున్నారని కదా.

అంత చేసినా జబ్బు కుదరలేదు. విచిత్రం ఏమిటంటే, అక్క తాండూరు వెళ్ళిన ప్రతి ఆదివారం అంతా బాగుండేది. "నేను పోతె దానికి బుద్ధొస్తది" అనేది. సోమవారం పొద్దున్నే మళ్ళీ తెగేది. నెట్టు కనెక్షన్ ఇచ్చినవాళ్ళు కూడా మధ్యాహ్నం అన్నాల వేళకు వచ్చి, చూసి, అంతా మంచిగుంది అని పోయేవారు. వాళ్ళు గల్లీ మలుపు తిరగగానే తెగేది. అక్కకు పిచ్చెక్కినట్టయింది. మా హాలుకూ తన వాటాకూ మధ్య తిరిగి తిరిగి చెప్పులు అరగదీసింది. ఒకరోజు ట్యాబ్ ముందు నిలబడి, బిగుసుకుపోయిన చెల్లెలి ముఖాన్ని చూస్తూ, "చెప్పవే, ఏం నొస్తున్నది నీకు? ఎక్కడ నొస్తున్నది?" అని అడిగింది. రూటర్‌ను అడిగిందో, చెల్లెలిని అడిగిందో తెలియలేదు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. వాళ్ళ వీడియోలో సౌండ్ ఎప్పుడూ ఉండేది కాదు. రెండు వైపులా మైకు, సౌండ్ పూర్తిగా ఆపేసి పెట్టింది అక్క. చెల్లెలికి ఎట్లాగూ అక్కర లేదు, అక్కకు వినాల్సిన మాట అవతల లేదు. పైగా ఆమెకొక సిద్ధాంతం. "సౌండ్ బంద్ పెడితె బొమ్మకు బలమొస్తది. రెండు నోళ్ళకు పంచేది ఒక్క నోటికి పెట్టినట్టు." నేను లెక్కల టీచర్ని అయ్యుండీ దానికి తల ఊపాను, ఎందుకంటే కాదని చెప్పడానికి ఆమె నిలబడి వింటే కదా.

ఆ రోజు మామూలు పనిరోజు. బొమ్మ మళ్ళీ తెగుతున్నదని నన్ను కేకవేసింది. నేను వెళ్ళేసరికి కాల్ కలిసింది. చెల్లెలు కుడుతోంది. చేతులు చీకటిగా కనిపిస్తున్నాయని వెలుతురు పెంచబోయి, ఏవేవో నొక్కాను. చెల్లెలికి కూడా నీ వైపు ఏదో నొక్కు అని వేలితో చూపించాను. అక్కడ ఆమె నొక్కింది, ఇక్కడ నేను నొక్కాను, వెలుతురు పెరగలేదు. చప్పుడు పెరిగింది.

ముందు చీర మడత సవరించిన చప్పుడు. గాజులు. దూరంగా లారీ హారన్. అక్క ఉలిక్కిపడి "ఎవలది?" అంది. అంతలో గుర్రుమని ఒక మోత లేచింది. గది అంతా అదిరినట్టు అయింది. ఆ మోత పూర్తిగా లేవకముందే బొమ్మ బిగుసుకుపోయింది, కాల్ తెగింది.

మళ్ళీ కలిసింది. మోత ఆగింది. కాస్సేపటికి మళ్ళీ గుర్రుమంది, మళ్ళీ తెగింది. మూడోసారికి నేనే అన్నాను.

"అక్కా, అక్కడి బండ పాలిష్ మిషన్ మొదలైనప్పుడల్లా కరెంటు గుంజుతోంది. ఆ క్షణం రూటర్ ఆరి మళ్ళీ వెలుగుతోంది. అందుకే ఆదివారం బాగుంటుంది. అన్నాల వేళ బాగుంటుంది."

ఆమె చుట్టూ చూసింది. మంచం పక్కన కుర్చీ ఉంది, దానిలో కూర్చుంది. ఇంట్లో ఆమె కూర్చోవడం నేను చూడటం అదే మొదలు. సంచి ఒళ్ళోకి జారింది.

"గింత చప్పుడుల ఉంటదా ఇది?" అంది. "నేను పోయినప్పుడల్ల మిషిని బంద్ ఉంటుండె. దానికి ఇనబడది. ఇనబడని మనిషి నాకేం చెప్తది? ఇనబడేదాన్ని నేను. నేనే చెవులు మూసుకొని కూసున్న."

అంటూ ఏడ్చింది. ఇన్ని నెలలు తిరిగి, ఇన్ని వైర్లు మార్చి, అసలు జబ్బు ఇంత చిన్నదా అన్న ఏడుపు కాదది. చెల్లెలి ఇల్లు ఎట్లా వినిపిస్తుందో తనకు తెలియదన్న ఏడుపు. నేను పక్కన నిలబడి వీపు మీద చెయ్యి వేశాను. ఆ రోజు నేనే నిలబడ్డాను, ఆమే కూర్చుంది.

కుర్చీలో ఎంతసేపు ఉందంటారా? చాయ్ మరిగేంతసేపు కూడా లేదు. ముఖం కడుక్కుని, సంచి సర్దుకుని, తాండూరు బస్సు ఎక్కింది. రూటర్‌కు పెట్టే చిన్న బ్యాటరీ డబ్బా ఒకటి కొని తగిలించింది. ఆ సాయంత్రం నేను ఇక్కడ ట్యాబ్ ముందు కూర్చున్నాను. మిషన్ లేచింది. గుర్రుమని మోత. బొమ్మ కదులుతూనే ఉంది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకేసారి నాకు ఆకులు తెంపి చూపించారు. తెంపుతూనే ఉన్నారు, చెట్టు బోడిగా అయ్యేదాకా.

అప్పటి నుంచి ఆమె సౌండ్ ఆపలేదు. రెండు వైపులా పూర్తిగా పెంచి పెట్టింది. తాండూరు పాలిష్ మిషన్ మోత అంతా గోడ దాటి మా హాల్లోకి వచ్చేది. "మేడమ్, మీ ఇంట్లో బోరు వేస్తున్నారా?" అని అడిగేవారు నా పిల్లలు. తగ్గించక్కా అని గొడవపడ్డాను. "ఇన్ని ఏండ్లు ఇనలె. ఇప్పుడన్న ఇననియ్యి" అంది. ఇక ఏం అంటాం?

వినడం మొదలుపెట్టాక ఆమెకు కొత్త పని దొరికింది. అక్కడ కుక్కర్ విజిల్ వేస్తే ఇక్కడ లేచి నిలబడేది. చూపుడువేలు నోటి ముందు నుంచి గిర్రున పైకి తిప్పేది. అది విజిల్. ఎన్ని వచ్చాయో వేళ్ళు చూపించేది. మూడు కాగానే అరచెయ్యి తిప్పి, స్టవ్ ఆపు. చెల్లెలు లేచి పోయి ఆపేది. అంతకుముందు ఆమె ఆవిరి చూసి, మూత మీద చెయ్యి పెట్టి అదురు చూసి వండుకునేది, అన్నీ బాగానే వండుకునేది. ఆ సాయం అక్కర్లేదు. అయినా అక్క చెప్పాలి. గేటు చప్పుడైతే ఎవరో వచ్చారని చెప్పాలి. వాన మొదలైతే పెరట్లో బట్టలున్నాయని చెప్పాలి. నలభై కిలోమీటర్ల అవతల తాండూరులో వాన పడుతుంటే, వికారాబాద్‌లో ఎండలో నిలబడి ఈమె చేతులు ఊపేది. చెల్లెలు విసుక్కునేది కూడా. అరచెయ్యి విసిరి, తెలుసులే, నువ్వు కూర్చో అన్నట్టు చూపించేది. ఈమె కూర్చుంటేనా?

పోయిన నెల ఒక పొద్దున మా తలుపు తోసుకుని రాలేదు. నేనే పోయాను. మంచం మీద ఉంది, ఛాతీ పట్టుకుని. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారంతా నన్ను తిట్టింది. "ప్లగ్గు పీకి వస్తివా? పీకకు. దానికి భయమైతది." నేను పీకలేదు. ఆమే మధ్యాహ్నంలోపే ఆసుపత్రిలో పోయింది. చెప్పులు మంచం కింద ఉండిపోయాయని ఎందుకో నాకు పదేపదే గుర్తొచ్చేది. తొడుక్కోకుండా ఎక్కడికీ పోని మనిషి.

ఊళ్ళో పాదిరిగారు ప్రార్థన చేస్తుంటే చెల్లెలిని చుట్టాలు పట్టుకుని ఉన్నారు. అందరూ ఆమె చెవి దగ్గర ఏదో చెబుతున్నారు. చెవి దగ్గర! ఆమె చేతులను ఇద్దరు పట్టుకుని ఉన్నారు, ఓదార్పుగానే. నోరు మూసినట్టే అది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ గుంపులో నాకు దారి దొరకలేదు.

ఇప్పుడు ఈ ట్యాబ్ మోత.

తీయకపోవడానికి కారణం ఉంది. నాకొచ్చిన సైగలన్నీ రూటర్ సైగలు. ఆకుపచ్చ, ఎరుపు, ఆగు, బొమ్మ ఆగింది. వాటితో అక్కను పోగొట్టుకున్న మనిషితో ఏం మాట్లాడాలి? సంతాపం ఎట్లా చెప్పాలి? తాళం తీసి ఆ ముఖం ముందు చేతులు కట్టుకుని కూర్చోవడం కంటే, ఇట్లా మోగనివ్వడం నయం అనుకున్నాను. రోజూ అనుకున్నాను. రోజూ ఐదు కాకముందే కాళ్ళు నిలవలేదు.

నిన్న మోగింది. పాఠం మధ్యలో ఉన్నాను. ఆగింది. మళ్ళీ మోగింది. "మేడమ్, మీ ఇంట్లో ఫోన్ మోగుతోంది, తీయండి" అని ఒక పిల్ల అంది. ఐదు నిమిషాలు ఆగండి అని చెప్పి, తాళంచెవి తీసుకుని పోయాను. గది మూసిన వాసన వేసింది. మంచం పక్కన అదే కుర్చీ. బల్ల మీద ట్యాబ్ వెలుగుతోంది. నొక్కాను.

వంటింట్లో ఆమె. ముందు నన్ను చూసి వెనక్కి జరిగింది. తర్వాత దగ్గరికి వచ్చింది, ముఖం అద్దం నిండా వచ్చేంత దగ్గరికి. అక్క పేరు చెబుతుందని, జబ్బ మీద వేలు పెడుతుందని నేను గుండె పట్టుకుని ఉన్నాను.

ఆమె బొటనవేలు, చూపుడువేలు కలిపి, గోడలోంచి పీకినట్టు లాగింది. నా పేరు. తర్వాత రెండు అరచేతులూ తెరిచి పక్కలకు చాపింది. ఎక్కడ పోయినవ్?

ఇన్ని రోజులూ ఆ ట్యాబ్ మోగింది నా కోసం. అక్క లేదని ఆమెకు నాకంటే బాగా తెలుసు. ఆ గోడ ఇవతల, తన సైగలు నాలుగు తెలిసిన మనిషి ఇంకొకతె ఉందని కూడా తెలుసు. నాకు ఏడుపు ఆగలేదు. ఏడుపుకు ఏ భాషా అక్కర్లేదు కాబట్టి ఇద్దరం ఏడ్చాం. మిషన్ మోత వస్తూనే ఉంది, బొమ్మ మాత్రం ఆగలేదు.

ఆ మోతలోనే సన్నగా విజిల్ వినపడింది.

నేను లేచి నిలబడ్డాను. నా వేలు నోటి ముందుకు పోయి, గిర్రున పైకి తిరిగింది. ఎవరూ చెప్పలేదు, అదే తిరిగింది. ఆమె కళ్ళు తుడుచుకుని స్టవ్ వైపు చూసి, నా వైపు తిరిగి వేళ్ళు చూపించింది. రెండా? మూడా?

నేను లెక్కపెట్టలేదు. లెక్కలు చెప్పి బతికేదాన్ని, విజిళ్ళు లెక్కపెట్టలేదు. తెలియదని తల అడ్డంగా ఊపాను. ఆమె ముఖం చిట్లించింది. అక్కకైతే తెలిసేది అన్నట్టుగా చూసింది. తర్వాత చెయ్యి గంపలా కిందికి దించింది, ఆగు అని. కందిపప్పు, ఇంకా ఉడకాలి. చీర ఒళ్ళోకి లాక్కుని, సూదిలో దారం ఎక్కించుకుని, వంగి కుట్టడం మొదలుపెట్టింది. నావైపు చూడటం కూడా మానేసింది.

అవతల హాల్లో పిల్లలు మేడమ్, మేడమ్ అంటున్నారు. నేను అక్క కుర్చీ ట్యాబ్ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను, తర్వాతి విజిల్ కోసం.